బల్ల మీద ప్లగ్

పోయిన నెల మా పక్క వీధి అమ్మాయి ఫోన్ చేసింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన మన పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం. కొత్తగా కొన్న ఇంట్లో గోడల అంచులకు చెక్క పట్టీలు తనే కొట్టుకుంటానని పవర్ మైటర్ సా, అంటే కరెంటు రంపం, ఒకటి కొనుక్కుంది.

"అంకుల్, బ్లేడ్ చేంజ్ చేయాలి. జస్ట్ ఫైవ్ మినిట్స్ పని. మీకు ఈ టూల్స్ అన్నీ తెలుసు అని మమ్మీ చెప్పింది," అంది.

వెళ్లాను. నేను వెళ్లేసరికే బుద్ధిమంతురాలు ప్లగ్ పీకి బల్ల మీద పెట్టేసింది. అయినా నేను ఆ ప్లగ్ పట్టుకుని, అక్కడి నుంచి వైరును జానెడు జానెడూ తడుముకుంటూ రంపం దాకా వచ్చాను. తర్వాత ఒక చెయ్యి దూరంగా పెట్టి, రెండో చేత్తో పిడి పట్టుకుని ట్రిగ్గర్ రెండుసార్లు నొక్కాను. ఆ పిల్లకు నవ్వొచ్చింది. "అంకుల్, ప్లగ్ తీసేశాను కదా. కనిపిస్తోంది కదా," అంది. కనిపిస్తోందమ్మా అన్నాను. అంతకన్నా ఆ పూట చెప్పలేకపోయాను. బ్లేడ్ మార్చి, ఆమె ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి యంత్రాలు కొని శనివారాలు గ్యారేజీల్లో పడి ఉండే మీ అందరికీ ఇది వర్తిస్తుంది.

నేను ఈ దేశానికి డెబ్బైల చివర్లో వచ్చాను. ముందు వచ్చింది నా భార్య. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివింది, ఇక్కడ నర్సులు కావాలంటే దరఖాస్తు పెట్టింది, వచ్చేసింది. ఏడాది తర్వాత ఆమె కొంగు పట్టుకుని నేను వచ్చాను. మా చర్చిలో అలాంటి మగవాళ్లం నలుగురైదుగురం ఉండేవాళ్లం, ఒకరినొకరం బాగానే ఎగతాళి చేసుకునేవాళ్లం. నాకు పాలిటెక్నిక్ డిప్లొమా, రైల్వే వర్క్‌షాపులో తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నాయి. నార్త్ కరొలైనాలో ఆ డిప్లొమా చూసినవాళ్లు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి మర్యాదగా తిరిగి ఇచ్చేవారు. ఇప్పుడు మోరిస్‌విల్ అంటే మన వాళ్ల ఊరు. అప్పట్లో ఆ చుట్టుపక్కల పైన్ చెట్లు, పొగాకు పొలాలు, రైలు పట్టాలు తప్ప ఏమీ లేవు. ఆ పట్టాల పక్కనే తలుపులకూ కిటికీలకూ చెక్క పట్టీలు కోసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అందులో మరమ్మతుల మనిషిగా చేరాను.

ఫ్యాక్టరీలో పొడుగాటి బల్ల మీద వరసగా నాలుగు మైటర్ రంపాలు ఉండేవి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇది పళ్ల చక్రం ఉన్న రంపం. పిడి పట్టుకుని కిందికి దించితే చెక్కను ఏ వాలు కావాలంటే ఆ వాలుగా తెగ్గోస్తుంది. పిడిలోనే ట్రిగ్గర్ ఉంటుంది. చక్రం మీద ఒక తొడుగు ఉంటుంది. రంపం పైన ఉన్నప్పుడు అది పళ్లను కప్పి ఉంచుతుంది, కిందికి దించుతుంటే తనంతట తనే పక్కకు లేస్తుంది. పైన్ చెక్కలో జిగురు ఎక్కువ. ఆ జిగురు పొట్టుతో కలిసి తొడుగుకు అంటుకుని గట్టిపడితే తొడుగు కదలకుండా బిగుసుకుపోతుంది. కాబట్టి వారానికోసారి కిరోసిన్ గుడ్డతో తుడవాలి. పళ్లు మొద్దుబారితే బ్లేడు మార్చాలి, మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగితే వాటినీ మార్చాలి. ఇదంతా నా పని.

నేను చేరినప్పుడు అక్కడ ఎవడూ ప్లగ్ తీసేవాడు కాదు. కరెంటు ఉండగానే బ్లేడులో వేళ్లు పెట్టి తుడిచేవాళ్లు. తొడుగు అడ్డమొస్తోందని దాన్ని తీగతో పైకి కట్టేసేవాళ్లు కూడా. నాకు ఒళ్లు మండింది. మా రైల్వే వర్క్‌షాపులో ఒక పాత మేస్త్రీ ఉండేవాడు. ఏ యంత్రం మీద చెయ్యి వేయాలన్నా ముందు దాని పింగాణీ ఫ్యూజు ఊడదీసి తన చొక్కా జేబులో వేసుకునేవాడు. "ఫ్యూజు జేబులో ఉంటే ప్రాణం జేబులో ఉన్నట్టేరా," అనేవాడు. ఆ తర్వాత స్విచ్ నొక్కి చూసేవాడు. "తీసినంత మాత్రాన సరిపోదు. నొక్కి చూడు, చచ్చిందని తెలిశాకే ముట్టుకో," అనేది ఆయన రెండో మాట. ఆ మాటను రోజూ పొద్దున విన్నవాణ్ణి నేను.

ఇక్కడ రంపానికో ఫ్యూజు లేదు. ప్లగ్ మాత్రం ఉంది. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. రంపం మీద పని చేయాలంటే దాని ప్లగ్ పీకి, ఆ రంపం ముందు బల్ల మీద పెట్టాలి. ప్లగ్ కళ్ల ముందు ఉంటేనే చెయ్యి పెట్టాలి. గోడకున్న సాకెట్లకు ఒకటి నుంచి నాలుగు దాకా నా చేత్తోనే ఎర్ర రంగుతో అంకెలు వేశాను. తీగలన్నీ కోసి పారేశాను. మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. మేనేజరు నన్ను భుజం తట్టి, ఆ పద్ధతిని అట్ట మీద రాయించి గోడకు కొట్టించాడు. అమెరికా వాళ్లకు పని నేర్పించినవాడినని నేను ఇంట్లో ఎంత గొప్పలు పోయానో నా భార్యను అడిగితే చెబుతుంది. మేస్త్రీ రెండో మాట ఆ అట్ట మీదకు ఎక్కలేదు. నేను చేసేవాణ్ణే కానీ రాయించలేదు. ప్లగ్ కళ్ల ముందు ఉన్నాక ఇంకా నొక్కి చూసేదేముందిలే అనుకున్నాను.

మూడో రంపం మీద ఒక పెద్దాయన పనిచేసేవాడు. అరవైకి దగ్గర్లో ఉన్న నల్లజాతి మనిషి. ముప్పై ఏళ్లుగా చెక్క కోస్తున్నా ఒక్క వేలికి గాటు పడలేదు. తన చర్చిలో పెద్ద. నన్ను 'సన్' అనేవాడు. నాకు కారు నడపడం నేర్పింది ఆయనే. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి అయ్యాక తన పాత కారులో నన్ను కూచోబెట్టుకుని పొలాల మధ్య రోడ్ల మీద తిప్పేవాడు. "ముందు చూడు, తర్వాత మళ్లీ చూడు, అప్పుడు తిప్పు," అనేవాడు. శనివారాలు చెరువుకు చేపలు పట్టడానికి తీసుకెళ్లేవాడు. కంటికి ఆనని సన్నటి దారాన్ని అంత లావు వేళ్లతో గాలానికి ముడేసేవాడు. ఈ దేశంలో నన్ను తన ఇంటికి భోజనానికి పిలిచిన మొదటి మనిషి ఆయనే.

ఆ రోజు శుక్రవారం. పెద్ద ఆర్డరు ఒకటి సాయంత్రానికి లారీ ఎక్కాలి. రెండో రంపం వాడికి జ్వరమొచ్చి రాలేదు, కాబట్టి ఆ రంపం ఖాళీగా ఉంది. పదకొండు గంటలకు పెద్దాయన నన్ను పిలిచి తొడుగు బిగుసుకుపోతోందన్నాడు. నేను బల్ల వెనకకు చెయ్యి పోనిచ్చాను. అక్కడ చీకటి, మోకాలి లోతు పొట్టు. మూడో అంకె ఉన్న సాకెట్ నుంచి ప్లగ్ పీకి, పైకి లాగి, ఆయన ముందు బల్ల మీద పెట్టాను. అంతలోనే అవతలి నుంచి ఫోర్‌మన్ అరిచాడు, కంప్రెసరు బెల్టు తెగిందని. కంప్రెసరు ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది.

"ప్లగ్ తీసేశాను. ఈలోగా తుడుస్తూ ఉండండి, వస్తాను," అని పెద్దాయనతో చెప్పి పరుగెత్తాను.

ట్రిగ్గర్ నొక్కి చూడలేదు. అందుకు ఒక్క క్షణం పట్టేది.

బెల్టు సగం ఎక్కించానో లేదో కేక వినిపించింది. ఆయన గొంతు అంతకు ముందెప్పుడూ గట్టిగా వినలేదు, అందుకే ఎవరిదో వెంటనే తెలియలేదు. నేను చేరేసరికి ఫోర్‌మన్ తన బెల్టు విప్పి ఆయన చేతికి బిగించి కడుతున్నాడు. కుడి చెయ్యి. చూపుడు వేలు నుంచి మూడు వేళ్లు పోయాయి, బొటనవేలు సగం వేలాడుతోంది. ఎడమ చేత్తో పిడి పట్టుకుని రంపాన్ని కొంచెం దించి, తొడుగు పైకి లేచాక కుడి చేత్తో గుడ్డ పెట్టి తుడిచాడు. ప్లగ్ కళ్ల ముందే ఉంది కాబట్టి ట్రిగ్గర్ మీద వేలు ఉందా లేదా అని చూసుకోలేదు. నేను నేర్పిన పద్ధతినే నమ్మాడు. అందరూ కలిసి ఆయన్ని బయటికి మోసుకెళ్లి, ఫోర్‌మన్ బండిలో ఎక్కించి ఆసుపత్రికి పంపారు.

బల్ల దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. ప్లగ్ నేను పెట్టిన చోటే ఉంది. పట్టుకుని లాగాను. కదిలింది రెండో రంపం.

ఆ సోమవారమే రెండూ మూడూ రంపాలను దించి బ్రష్‌లు మార్చింది నేనే. తిరిగి పెట్టేటప్పుడు చీకట్లో, పొట్టులో, ఒకదాని వైరు ఇంకోదాని సాకెట్లో పెట్టిందీ నేనే. అంకెలు చూసి పీకానే తప్ప వైరు ఎక్కడిదాకా పోయిందో చూడలేదు.

ఇక్కడి దాకా చేసింది పొరపాటు. ఆ తర్వాత చేసింది పొరపాటు కాదు. నేను ఆ ప్లగ్ తీసి మళ్లీ గోడకు పెట్టేశాను. కంగారులో చేశానని, చేతులు వాటంతటవే చేశాయని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదంతా అబద్ధం. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, వంగి పెట్టాను. నా భార్య అప్పుడు ఆరో నెల గర్భిణి. నా కాగితాలు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. ఉద్యోగం పోతుంది, పోలీసులు వస్తారు, పంపించేస్తారు అనే భయాలన్నీ ఆ వంగిన క్షణంలో తలలో తిరిగాయి. భయపడ్డానని ఒప్పుకుంటాను. భయపడ్డాను కాబట్టి సరే అని మాత్రం మీరు అనకండి.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి చూశాడు. మూడో రంపానికి కరెంటు ఉంది, బల్ల మీద ప్లగ్ లేదు. ప్లగ్ తీశావా అని నన్ను అడిగాడు. లేదు సార్, తీయబోతుంటే కంప్రెసరు దగ్గరికి పిలిచారు, నేను వచ్చాక చూస్తానని చెప్పి వెళ్లాను అన్నాను. పక్క రంపాల వాళ్లు రక్తం చూశారే తప్ప ప్లగ్ చూడలేదు. ఆ పద్ధతి పెట్టినవాణ్ణి నేను. దాని గురించి నేనే అబద్ధం చెబుతానని ఎవరు అనుకుంటారు?

అంబులెన్సులూ బండ్లూ వెళ్లే ఆసుపత్రి ఆ చుట్టుపక్కల ఒక్కటే. నా భార్య పనిచేసేదీ అక్కడే. మూడో రోజు నుంచి ఆయన చేతికి కట్టు మార్చే డ్యూటీ ఆమెకు పడింది. ఆమె ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, కూచుని, "ఏమండీ, ఆయన ప్లగ్ బల్ల మీద చూశానంటున్నాడు," అంది. నేను అన్నం కలుపుతున్నాను. దెబ్బ తగిలినవాళ్లకు అలాగే ఉంటుందిలే అన్నాను. ఆమె కాసేపు నా చేతుల వంక చూసి, లేచి వెళ్లింది.

ఆయన మేనేజరుతోనూ అదే చెప్పాడట. ప్లగ్ బల్ల మీద ఉంది, వైరుకు ప్లగ్ దగ్గర నల్ల టేపు రెండు చుట్లు చుట్టి ఉంది అని కూడా చెప్పాడు. వాళ్లు వచ్చి మూడో రంపం వైరు చూశారు. దానికి టేపు లేదు. టేపు రెండో రంపం వైరుకు ఉంది, అది చుట్టింది నేనే. ఎవరైనా ఇంకో అడుగు పక్కకు వేసి ఆలోచిస్తే విషయం బయటపడేది. మేనేజరు వేయలేదు. పాపం, నొప్పికి మనసు చెదిరింది, లేనివి ఉన్నట్టు తోస్తున్నాయి అని అందరూ జాలిపడ్డారు. ఆయన చెప్పిన నిజమే ఆయనకు మతి చలించిందనడానికి సాక్ష్యం అయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు కానీ, నేను అదీ చేయలేదు. కదలకుండా నిలబడ్డాను.

మా తెలుగు కుటుంబాలు శనివారాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవి. పాటలయ్యాక ఒక్కొక్కరు లేచి ఆ వారం దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లం. ఫ్యాక్టరీలో ప్రమాదం సంగతి అప్పటికే అందరికీ తెలుసు. "బ్రదర్ గారూ, మీరు చెప్పండి," అన్నారు. లేచాను. ప్రమాదం జరిగిన చోటే పనిచేస్తున్నా నా చేతులకు ఏ హానీ రాకుండా కాపాడిన దేవునికి స్తోత్రం అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నా భార్య అనలేదు. పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతూ కూచుంది. ఆ రాత్రి నుంచి ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. భర్త అబద్ధమాడుతున్నాడని నర్సుకు తెలియడానికి థర్మామీటర్ అక్కర్లేదు.

ఫ్యాక్టరీలో ఇంకో ఘనకార్యం మొదలైంది. ప్రతి సోమవారం కొత్తగా చేరినవాళ్లకు రంపాల జాగ్రత్తలు చెప్పే పని నాకు అప్పగించారు. ఆ ప్రమాదాన్ని పాఠంగా చెప్పమన్నారు. నా ముందున్న కాగితంలో ఇలా ఉండేది: ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పనివాడు ప్లగ్ తీయకుండా శుభ్రం చేయబోయి చెయ్యి పోగొట్టుకున్నాడు, అనుభవం ఉందని నిర్లక్ష్యం చేయకండి. ఆయన పేరు రాయలేదు కానీ పేరు తెలియనివాడెవడూ లేడు. ఐదు సోమవారాలు ఆ కాగితం చదివాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మొదటిసారి గొంతు వణికింది. ఐదోసారి వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అసలు సిగ్గనిపించేది ఆ ఐదోసారే.

ఆరో ఆదివారం మా ఆవిడ చర్చికి వెళ్లడానికి తయారై, పర్సు చేత్తో పట్టుకుని, తలుపు దగ్గర ఆగింది. ఆమె మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మొన్న ఆయన కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. వాళ్లావిడ కారు నడుపుకొచ్చింది. మీరెందుకు నడపట్లేదని అడిగాను, ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా అని. ఆయన ఏమన్నాడో తెలుసా? 'లేని ప్లగ్ నాకు కనిపించింది. రేపు రోడ్డు మీద ఉన్న పిల్లవాడు కనిపించకపోతే?' అన్నాడు. తాళాలు ఆవిడకిచ్చేశాడట."

పర్సు భుజానికి వేసుకుని, "ఆయన చెయ్యి నేను బాగుచేయగలిగినంత చేశాను. ఇది నా వల్ల కాదు," అంది.

ఆ రోజు నేను చర్చికి వెళ్లలేదు. ఆయన నేర్పిన డ్రైవింగ్‌తో ఆయన ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. క్షమించమనడం, నా భయం, నా భార్య కడుపులో బిడ్డ, అన్నీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే, అందులోనూ కాలింది నా చేతులు కాదు. వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, ఆయన ఇంకా టై కట్టుకునే ఉన్నాడు. టై ముడి వంకరగా ఉంది. నన్ను చూసి సంతోషించాడు. అదే నేను తట్టుకోలేకపోయింది. రా సన్, కూచో అని వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాగాడు.

కూచోలేదు. నిలబడే చెప్పాను. పేర్చుకున్న మాటలేవీ రాలేదు. ప్లగ్ బల్ల మీద ఉంది, అది రెండో రంపానిది, తీసి పెట్టిందీ నేనే, మీరు వెళ్లాక తిరిగి గోడకు పెట్టేసిందీ నేనే అన్నాను.

ఆయన కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"వైరుకు టేపు ఉందా?"

"ఉంది."

"ఏ రంగు?"

"నలుపు. రెండు చుట్లు. నేనే చుట్టాను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచి, పక్క గదిలో ఉన్న భార్యను పిలిచాడు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడు నాతో చెప్పింది ఈమెకు చెప్పు," అన్నాడు.

చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం నా వంక చూడటం లేదు, ఆమె ముఖమే చూస్తున్నాడు. ఆమె నమ్మిందా లేదా అన్నదే ఆయనకు కావాలి. ఆరు వారాల నుంచీ ఆమె కూడా నమ్మలేదని నాకు అప్పుడు అర్థమైంది. ప్రేమతోనే, జాలితోనే నమ్మలేదు.

"చూశావా, నాకు పిచ్చి పట్టలేదు," అని ఆమెతో అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను ఆ ఇంట్లో ఉండాల్సినవాణ్ణి కాదని తెలిసి గుమ్మం దిగాను. పోవద్దని ఆయన అనలేదు, క్షమించానని కూడా అనలేదు. వాకిట్లో కారు తలుపు తీస్తుంటే వెనక నుంచి ఒక్క మాట వినిపించింది. "వాళ్లకు కూడా చెప్పు."

సోమవారం పొద్దున ఏడుగురు కొత్తవాళ్లు నిలబడ్డారు. ఫోర్‌మన్ కూడా ఉన్నాడు. నేను కాగితం చదవలేదు. రెండో రంపాన్నీ మూడో రంపాన్నీ చూపించి, ఏం జరిగిందో, నేనేం చేశానో మొదటి నుంచి చెప్పాను. ఫోర్‌మన్ నన్ను పక్కకు లాగి, మూసేసిన కేసు ఎందుకు తెరుస్తున్నావు, ఎవరికి లాభం అన్నాడు. మేనేజరు గదిలో అదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాను. దాని నకలు ఒకటి పెద్దాయన ఇంటికి పంపిస్తే తప్ప కదలనన్నాను. బుధవారానికి నా ఉద్యోగం పోయింది. పోలీసులెవరూ రాలేదు, దేశం నుంచి ఎవరూ పంపలేదు. ఆరు వారాలు నేను దేన్ని చూసి వణికానో అది అసలు లేనే లేదు. ఆ తర్వాతి శనివారం ప్రార్థన కూటంలో లేచి, ప్రమాదం గురించి నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం అని చెప్పాను. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎవరో పాట ఎత్తుకున్నారు. మా ఆవిడ నా పక్కకు జరిగి కూచుంది.

ఐదు నెలల తర్వాత ఒక బడిలో మరమ్మతుల పని దొరికింది. అక్కడే రిటైరయ్యాను. అన్నేళ్లలో ఏ యంత్రాన్నీ వైరు చివరి దాకా తడమకుండా, స్విచ్ నొక్కి చూడకుండా ముట్టుకోలేదు. నా కింద పనిచేసినవాళ్లు నన్ను చాదస్తపు ముసలాడనేవాళ్లు. అనుకోనిచ్చాను.

పెద్దాయన మళ్లీ నన్ను చెరువుకు పిలవలేదు. నేనూ వెళ్లలేదు. ఒకసారి కొట్టు ముందు నేను సామాను కారులో పెడుతుంటే ఆయన కారు నెమ్మదిగా వచ్చింది. స్టీరింగ్ చక్రానికి ఒక గుండ్రటి పిడి బిగించుకున్నాడు, ఎడమ చేత్తో తిప్పడానికి. ఆయనే నడుపుతున్నాడు. మలుపు దగ్గర ఆగి, రెండు వైపులా చూశాడు, మళ్లీ చూశాడు, తిప్పాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. ఆ కారు కనబడకుండా పోయేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఎనభైల చివర్లో ఆయన పోయాడు. అంత్యక్రియలకు వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తుంటే మా ఆవిడే నల్ల కోటు తీసి మంచం మీద పెట్టింది. ఇద్దరం వెళ్లాం. చర్చి నిండిపోయింది. అందరం బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర వాళ్ల ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పక్కనే ఆమె చెల్లెళ్లు, మరుదులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బంధువులు ఉన్నారు. ఆమె ఏమంటుందోనని తల దించుకున్నాను. ఆయన చెయ్యి పోవడానికి కారణం ఇతనే అన్నా నేను కాదనగలిగేది లేదు.

ఆవిడ వాళ్ల వైపు తిరిగి, "ఇతనే," అంది. "ప్లగ్ బల్ల మీదే ఉందని వచ్చి చెప్పినవాడు."